కత్తెర పెట్టకుండా కుట్టే బొంత

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. నాలుగు పేజీలు, రెండు రంగుల పెన్నులు. ఈ ఉత్తరం రాయడానికి కూడా నాలుగు రాత్రులు పట్టిందని వారే చెప్పుకున్నారు. అంత పొడవు ఇక్కడ పట్టదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 46 ఏళ్లు. పరకాల దిక్కు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో పని. పొద్దున ఏడున్నరకు బస్సు కోసం ఇల్లు వదిలితే మళ్లీ ఐదున్నరకు రావడం. ఇంట్లో భర్త, మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేని అత్తమ్మ. ఒక్కతే బిడ్డ, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇప్పుడు ఆరో నెల. సంక్రాంతి దాటాక కాన్పు, పురుడు తల్లిగారింట్లోనే. పుట్టబోయే మనుమడికో మనుమరాలికో తన చేత్తో ఒక బొంత కుట్టి, ఇరవై ఒకటో రోజు తొట్టెల నాడు వేయాలని ఆమె ఆశ.

పోయిన ఎండాకాలం వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, కాలం చేసింది. అవ్వ సందుగలో 23 చీరలున్నాయి. ఇంట్లో కట్టుకున్న నూలు చీరలు, రెండు పోచంపల్లివి, ఒక సిద్దిపేట గొల్లభామ చీర, రెండు పట్టువి, అయిదారు బతుకమ్మ చీరలు. వాటి అడుగున ఒక తెల్లగుడ్డ తాను ముక్క. నాయిన వరంగల్ ఆజం జాహి బట్టల మిల్లులో పనిచేసిన రోజుల్లో తెచ్చింది, ఎవరూ వాడలేదు. నాయిన పోయి కూడా పదేళ్లయింది. ఈ చీరలతో బొంత కుడతానని ఆమె అనగానే కరీంనగర్‌లో ఉండే అక్క ఫోన్‌లోనే కయ్యిమంది: “అవ్వ చీరెలకు కత్తెర పెట్టినవంటే మళ్ల నీ గడప తొక్క.” అత్తమ్మ మెల్లగా, “పోయినోళ్ల బట్టలు పసిగుడ్డు మీద ఎందుకు బిడ్డా” అంది. భర్త, “ఎనిమిది వందలు పెడితే మంచిదే దొరుకుతది, ఎందుకు నీకీ టెన్షన్” అన్నాడు.

దాంతో ఆమె చీరల జోలికి పోకుండా కొత్త గుడ్డలు కొనడం మొదలుపెట్టారు. ఇప్పటికి 14 ముక్కలయ్యాయి. రోజూ గిన్నెలు సర్దుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పావుగంట దొరుకుతుంది. ముక్కలన్నీ మంచం మీద పరుస్తారు, ఏది ఏ పక్కన పెట్టినా నచ్చదు, మళ్లీ మడత పెడతారు. మూడు నెలల్లో ఎనిమిది గళ్లు కుట్టి మూడు విప్పేశారు. చివరి పేజీలో ఇలా రాశారు: “అందరూ ఉద్యోగాలు చేసుకుంటూనే ఏదో ఒకటి చేస్తున్నరు. నాకే చేతకాదా? వదిలేసి కొనుక్కొస్తే అయిపోతదా? మీరే చెప్పండి.”

చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతానమ్మా. మీకు చేతకాకపోవడం ఏమీ లేదు. బొంత పనిలో రెండు రకాల పనులుంటాయి. ఒకటి గుడ్డ ఎంచుకోవడం, రెండోది కుట్టడం. కుట్టే పనిని ఎన్ని తునకలు చేసినా ఏమీ కాదు. వరుస మధ్యలో సూది గుచ్చి పక్కన పెట్టి పోయినా, రేపు అక్కడి నుంచే సాగుతుంది. ఎంచుకునే పని అలా కాదు. దానికి పగటి వెలుతురు కావాలి, నేల మీద జాగా కావాలి, అన్నీ ఒకేసారి కళ్ల ముందుండాలి, మధ్యలో ఎవరూ పిలవకూడదు. మీరు మూడు నెలలుగా పావుగంటల్లో చేస్తున్నది సరిగ్గా ఈ పని. దానికితోడు రాత్రి, ట్యూబులైటు కింద. ఆ వెలుగులో ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియదు. నిన్న రాత్రి నచ్చిన జత ఈ రాత్రి నచ్చకపోతే అందులో మీ తప్పేముంది?

అందుకని ఆ పావుగంటలు కుట్టడానికి ఉంచండి. ఎంచుకోవడానికి మాత్రం ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు పక్కన పెట్టండి. ఒక్కసారే. ఆ రెండు గంటలు ఎట్లా గడపాలో చెబుతాను గానీ, అంతకన్నా ముందు తేలాల్సింది చీరల సంగతి. ఉత్తరంలో మీరు కొత్త గుడ్డల గురించి ఒకటిన్నర పేజీ రాశారు, అవ్వ చీరల గురించి రెండు పేజీలు. మనసు ఎటుందో మీ పేజీలే చెబుతున్నాయి. ఆ 14 ముక్కల్లో ఏదీ నచ్చకపోవడానికి అది కూడా ఒక కారణమని నాకు అనిపిస్తోంది.

మీ అక్క మాట మళ్లీ చదవండి. “కత్తెర పెడితే” అంది. కుట్టవద్దని అనలేదు. మన దగ్గర బొంతకు కత్తెర పెట్టాలని ఎవరు చెప్పారు? ముక్కలు కత్తిరించి, గళ్లు అతికించి చేసేది ఒక పద్ధతి. మన ఇళ్లలో పాతకాలం నుంచి ఎక్కువగా జరిగింది మరొకటి: చీరను చీరగానే మడతలు వేసి, మడతల మీదుగా కుట్టుకుంటూ పోవడం. మామూలు చీర ఐదున్నర మీటర్లు. పొడవును మూడు మడతలు చేస్తే ఒక్కో మడత దగ్గర దగ్గర ఆరడుగులు. పన్నా నాలుగడుగులకు మూడంగుళాలు తక్కువ. అంటే ఒక్క చీరతో, ఒక్క కోత లేకుండా, మూడు పొరల బొంత తయారవుతుంది. పదేళ్ల పిల్ల దాకా కప్పుకోవచ్చు. అదే చీరను ఆరు మడతలు చేస్తే మూడడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు, ఆరు పొరలు. పసిబిడ్డ కింద పరచడానికి సరిగ్గా సరిపోతుంది. రేపు ఎవరికైనా మనసు మారితే దారం లాగేయొచ్చు, చీర చీరగానే బయటికి వస్తుంది. సూది బెజ్జాలు కూడా ఒకటి రెండు ఉతుకులకు చాలావరకు పూడుకుంటాయి. మరీ నలిగిపోయిన చీరైతే విప్పేటప్పుడు అక్కడక్కడా చిరగొచ్చు, ఆ మాట అక్కకు ముందే చెప్పాలి.

మీరు కుడతానని చెప్పారే గానీ ఆమెను అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అవ్వ ఆమెకూ అవ్వే కదా. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏ చీర ఇస్తావని అడగవద్దు. “అక్కా, నీకు ఏయే చీరెలు కావాలె, ముందు నువ్వు తీస్కో” అనండి. పట్టువి, పోచంపల్లివి, గొల్లభామ చీర, వీటి దగ్గరే ఆమె చేయి ఆగుతుందని నా అంచనా. బొంతకు పనికొచ్చేవి వాటిలో ఒక్కటీ లేదు. బొంతకు కావాల్సింది ఎవరూ అడగని చీర. కొంగు మీద పసుపు మరక, కుచ్చిళ్ల దగ్గర నలిగి పలచబడ్డ రంగు, వందసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు. తగువు 23 చీరల మీద అనుకుంటున్నారు. కూర్చుని లెక్కేస్తే అది రెండు మూడు చీరల మీదకు వచ్చి ఆగొచ్చు.

ఆమె అప్పటికీ వద్దంటే? అప్పుడు మీ ముందు రెండు దారులు. ఏడాది ఆగడం ఒకటి. తల్లి పోయిన మొదటి ఏడాది సందుగ తెరిస్తే ఇంకా ఆమె వాసనే వస్తుంది. సంవత్సరీకం అయ్యాక అదే మనిషి “నాకూ ఒకటి కుట్టు” అనడం నేను చూశాను. కాకపోతే తొట్టెల రోజు దాటిపోతుంది. రెండోది, మీ వాటాకు వచ్చే చీర మీరు కుట్టుకోవడం. న్యాయంగా తప్పు లేదు. కానీ తొట్టెల నాడు అక్క మొహం ముడుచుకుని కూర్చుంటే, ఆ బొంత చూసినప్పుడల్లా మీకు గుర్తొచ్చేది అవ్వ కాదు, ఆ మొహం. అది మోయగలరో లేదో మీరే తేల్చుకోవాలి.

అత్తమ్మ మాటకు వద్దాం. మన దగ్గర పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కన్నా పాత నూలు చీర పొత్తిగుడ్డలే ముందు వేస్తారు. అమ్మమ్మదో నానమ్మదో, మెత్తగా ఉంటుందని. అయితే పోయినవారి బట్ట అనేసరికి కొన్ని ఇళ్లలో వెనకాడతారు. ఈ నమ్మకాన్ని వాదించి గెలవలేరు, గెలిచినా లాభం లేదు. దీనికి మీ సందుగలోనే ఉపాయముంది: ఆ మిల్లు గుడ్డ. ఒంటి మీద ఎవరూ కట్టని బట్ట. అవ్వ చీర మడతలు లోపల పెట్టి, తెల్ల మిల్లు గుడ్డను పైనా కిందా తొడిగితే బిడ్డ ఒంటికి తగిలేది ఆ గుడ్డే. మీ అవ్వ లోపల, మీ నాయిన పైన. అత్తమ్మకు ఇది నచ్చవచ్చు, అడిగి చూడండి. కాకపోతే దీనికీ ఒక షరతు ఉంది. ఆజం జాహి మిల్లు 1934లో మొదలైంది, మూతపడి కూడా ఏళ్లు గడిచాయి. అంటే మీ గుడ్డ వయసు తక్కువలో తక్కువ రెండు దశాబ్దాలు. అన్నేళ్లు ఒకే మడతలో ఉన్న గుడ్డ మడత గీత దగ్గర పసుపు పచ్చబడుతుంది, పోగులు ఊడతాయి. మడత విప్పి, ఆ గీతకు అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగండి. పటపటమని చిన్న చప్పుడొచ్చిందంటే అక్కడ పోగు పోయినట్టే, ఆ భాగం వదిలేయాలి. చప్పుడు లేకపోతే గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి వాడండి.

ఇంకో మాట. మూడో పేజీ చివర, కొట్టేసి మళ్లీ రాసిన ఒక వాక్యం ఉంది: “మా అత్తమ్మ పెండ్లి కాకముందు వాళ్ల ఇంట్ల బొంతలు కుట్టేదట.” మీరు దాన్ని అక్కడే వదిలేసి వేరే సంగతికి వెళ్లిపోయారు. మోకాళ్లు నొప్పులంటున్నారు, చేతులు బాగానే ఉన్నాయి కదా? పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఒంటరిగా కూర్చునే మనిషి ఆమె. మొత్తం మీ చేత్తోనే కుట్టాలని పట్టుదల ఉంటే ఈ మాట పక్కన పెట్టండి, అది మీ ఇష్టం. కానీ మీరు రాత్రి ఒక వరుస, ఆమె పగలు ఒక వరుస వేస్తే పని సగం రోజుల్లో తేలుతుంది. తన చేయి పడ్డ బొంతకు ఆమె ఎందుకు అడ్డు చెబుతుంది? కుట్లు మాత్రం ఒక్క తీరుగా రావు. ఆమెవి పొడుగు, మీవి పొట్టి అవుతాయి. అది తప్పుగా కనిపించే మనిషి మీరైతే ముందే ఆలోచించుకోండి. నా కళ్లకైతే అదే అందం.

కొని తెమ్మన్న మీ ఆయన మీద కోపం వద్దు. ఆయనకు కనిపించేది రాత్రిపూట మీరు పడే యాతన ఒక్కటే. కొంటే వచ్చే లాభనష్టాలు చెబుతాను. బజారు బొంతల్లో చాలావాటి లోపల పాలిస్టర్ దూది ఉంటుంది. తేలిక, ఉతికితే తొందరగా ఆరుతుంది, చూడ్డానికి పొంగినట్టు బాగుంటుంది. మన ఎండలకు మాత్రం ఉక్క. కొని తెచ్చి, దాని మీద ఒక మూల మీ చేత్తో బిడ్డ పేరు కుట్టి ఇచ్చినా చిన్నతనమేమీ లేదు. కూలికి బొంతలు కుట్టిచ్చేవాళ్లకు చీరలు ఇవ్వడం ఇంకో దారి. మిషన్ మీద ఒక పూటలో అయిపోతుంది. కుట్టు దగ్గరగా పడితే బొంత బిగుసుకుపోయి అట్టలా ఉంటుంది, కాబట్టి వరుసల మధ్య కనీసం రెండంగుళాలు ఎడం పెట్టమని చెప్పాలి. మీ ఉత్తరంలో “నా చేత్తో” అన్న మాట ఐదుసార్లు వచ్చింది. అందుకే ఈ దారుల గురించి ఇంతకన్నా చెప్పను.

ఇప్పుడు ఆ 14 ముక్కలు. ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా కిటికీ పక్కన నేల మీద చాప పరిచి కూర్చోండి. మొదట రంగులు చూడకండి, గుడ్డ ఏమిటో చూడండి. ప్రతి ముక్క అంచు నుంచి రెండు పోగులు లాగి, పొడుగ్గా పిన్నీసుకు గుచ్చి, స్టీలు పళ్లెం మీద పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి, ముట్టుకుంటే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి నల్ల పూసలా మిగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ పూసను తాకకండి, చర్మానికి అంటుకుంటుంది. రేయాన్ కూడా నూలులాగే కాలుతుంది కాబట్టి దాన్ని ఇంకో రకంగా పట్టుకోవాలి. రేయాన్ గుడ్డ చేతిలో జారుతూ బరువుగా వేలాడుతుంది, తడిపితే బలం తగ్గుతుంది. పూస మిగిలినవీ, జారేవీ ఒక పక్కకు నెట్టేయండి. ఒక్క బొంతలో నూలూ పాలిస్టరూ కలిపితే ఉతికాక నూలు కొంచెం కుంచించుకుంటుంది, రెండోది కుంచించుకోదు, మధ్యలో ముడతలు లేస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్లపాటు పంచిన బతుకమ్మ చీరలు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్‌వే. చెమట పీల్చవు, కాబట్టి పసిబిడ్డ బొంతలోకి వద్దు. అలాగని పారేయకండి. వాటితో బొంతకు గలీబు కుట్టండి. నూలు బొంత ఉతికితే, ముసురు రోజుల్లో రెండు రోజులైనా ఆరదు. గలీబైతే తీసి ఉతికేస్తే పూటలో ఆరుతుంది. పెద్దవాళ్ల బొంతకు అది చక్కగా పనికొస్తుంది.

నూలని తేలిన ముక్కలన్నీ ఆ రోజే తడిపి ఆరేయండి. కొత్త నూలు మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, కుట్టకముందే ఆ పని కానివ్వాలి. ముదురు రంగులకు ఇంకో పరీక్ష: తడిగుడ్డ మీద తెల్ల చేతిరుమాలు పెట్టి గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే ఆ ముక్క వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అంటారు గానీ, నేను చూసినంతలో పోయే రంగు ఉప్పుతో ఆగలేదు. మా పెద్దోడికి కుట్టిన మొదటి బొంతలో ఒక ఎర్ర ముక్క ఉతక్కుండా వేశాను. తెల్లగా ఉండాల్సిన అడుగుపొర ఇప్పటికీ గులాబీ రంగే. అడిగినవాళ్లకు కావాలనే అలా చేశానని చెబుతుంటాను.

ఈ రెండు పరీక్షలు అయ్యేసరికి 14 కాస్తా ఆరో ఏడో అవుతాయి. ఎంపికలో సగం అగ్గిపుల్లా చేతిరుమాలూ చేసి పెడతాయన్నమాట. మిగిలినవాటిని అవ్వ చీర మీద పెట్టి చూడండి. చీర నేల రంగుతో ఒకటి, అంచు రంగుతో ఒకటి కలిస్తే చాలు, ఇంకా వెతకొద్దు. మీ పక్కనే వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలు చూడండి, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. రెండు మూడు రంగుల పట్టీలతోనే కళ్లు నిండేట్టు చేస్తారు. ఇంకా అనుమానంగా ఉంటే ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే బొంత చప్పగా ఉంటుంది. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా, ఒకటి మధ్యస్తంగా కనిపిస్తే రంగులు ఏవైనా పరవాలేదు. పెద్ద పూల గుడ్డ ఒక్కటే ఉంచండి, రెండు పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. పదకొండు గంటలకు లేవండి. ఎంచుకున్నవి ఒక సంచిలో, మిగిలినవి అటక మీద. ఆ సంచిలోకి కొత్త ముక్క ఇక రాకూడదు. గుడ్డల దుకాణం ముందు నుంచి నడిచేటప్పుడు చూపు ఆగుతుంది, నాకు తెలుసు. పర్సు మాత్రం తీయకండి.

ఈ కొత్త ముక్కలు ఎక్కడ వాడాలి అంటారేమో. మడతల బొంతకు చుట్టూ అంచు పట్టీ కావాలి కదా, అందులో రెండు మూడు పోతాయి. మీరు కుట్టిన ఐదు గళ్లను విప్పకండి, తలగడ గలీబు మీద అతికించండి. ఇంకా మిగిలితే కర్ణాటకలో ఉత్తర కన్నడ దిక్కు సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవంది బొంత తీరు మీకు బాగా పడుతుందనిపిస్తుంది. వాళ్లు ముందు ఏ లెక్కా వేసుకోరు. కింద ఒక చీర పరిచి, అంచు దగ్గర ఒక పాత గుడ్డముక్క పెట్టి కుట్టుకుంటూ, దాని పక్కన చేతికి అందిన ఇంకో ముక్క పెట్టుకుంటూ, అంచుల నుంచి మధ్యకు వస్తారు. చివర నాలుగు మూలలకూ మడతపెట్టిన చిన్న ముక్కలు పువ్వుల్లా కుడతారు. అవి లేకపోతే బొంత బట్టల్లేనట్టు ఉంటుందని వాళ్ల మాట. ముందే నిర్ణయించుకోవడం కష్టమైనవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కాకపోతే దీన్ని ఈ సంక్రాంతికి పెట్టుకోవద్దు, వచ్చే వేసవి సెలవులకు దాచుకోండి.

బడిలో మధ్యాహ్నం దొరికే ఇరవై నిమిషాల్లో కూడా ఏమైనా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, బొంత మాత్రం మోసుకుపోలేరు. పాత శుభలేఖలను రెండంగుళాల భుజమున్న ఆరుమూలల బిళ్లలుగా కత్తిరించి, ఒక్కో బిళ్ల మీద గుడ్డ మడిచి టాకా, అంటే తర్వాత విప్పేసే వదులు కుట్టు, వేసుకోవడం ఒక పద్ధతి. టిఫిన్ డబ్బాలో పట్టే పని. ఇలాంటివి నూటికి కొంచెం పైన అయితే మూడడుగులకు రెండున్నర అడుగుల పైపొర అవుతుంది. ముద్దుగా ఉంటుంది. మీకిప్పుడున్న మూడు నెలల్లో మాత్రం ఇది మీ మెడకు ఇంకో గుదిబండ. అదీగాక ఆ ఇరవై నిమిషాలు మీరు అన్నం తినాలి. ఇక బస్సులో సూది పట్టవద్దు. పరకాల రోడ్డు సంగతి నాకు తెలియదు గానీ, ఒకసారి జమ్మికుంట బస్సులో నేను చేసిన ప్రయోగానికి గుర్తుగా ఎడమ బొటనవేలి మీద చుక్క ఇంకా ఉంది.

సరే, మడతల బొంతకు ఎన్ని పావుగంటలు కావాలో లెక్క చూద్దాం. టాకాలకు ఇంకో ఆదివారం గంటన్నర పక్కన పెట్టండి. ఎంచుకున్న చీరకు ఫాలు ఉంటే ముందు విప్పేయండి, అది ఉంటే అంచు గట్టిగా, ఎత్తుగా వస్తుంది. జరీ అంచు చీర ఈ పనికి వద్దే వద్దు, పసిచర్మానికి గీసుకుంటుంది. చీర ఇస్త్రీ చేసి, ఆరు మడతలు నేల మీద పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమిరి, పొరల మధ్య గాలి పోయాక జానెడు జానెడు టాకాలు వేయండి. పిన్నీసులతో సరిపెట్టుకుంటే మధ్యపొర జారుతుంది, మూడో రోజుకు మీకే తెలుస్తుంది. మిల్లు గుడ్డ తొడగాలనుకుంటే అది కూడా అప్పుడే. టాకాలు పడ్డ బొంతను ఎక్కడికి తీసుకెళ్లినా, మడిచి మంచం కింద పెట్టినా ఏమీ కాదు.

ఇక మీ రాత్రి పావుగంటలు. పెద్ద కన్నున్న బొంత సూది, రెండు పేటల నూలు దారం. అరంగుళానికో కుట్టు చొప్పున మూడడుగుల వరుస ఒకటి వేయడానికి నా చేతికి పావుగంట పడుతుంది. వరుసకూ వరుసకూ ఒకటిన్నర అంగుళం ఎడం పెడితే 30 వరుసలు. రోజుకు ఒకటి, నెల రోజులు. వారానికి నాలుగు రాత్రులే కుదిరినా రెండు నెలల లోపు అయిపోతుంది. మొదటి వరుస సరిగ్గా మధ్యలో వేసి, అక్కడి నుంచి రెండు వైపులకూ పోవాలి, లేకపోతే ముడత ఒక పక్కకు చేరుతుంది. సూదీ దారం టాకాల బొంతలోనే గుచ్చి ఉంచుకుంటే, కూర్చోగానే మొదలుపెట్టొచ్చు. సామాను తీయడం, సర్దడంతోనే పావుగంటలో సగం పోయే బాధ తప్పుతుంది.

తొట్టెల నాటికి కాకపోతే ఏమిటన్న దిగులు కూడా కొంచెం తగ్గించుకోండి. ఏడాది లోపు పిల్లలకు నిద్రలో వదులుగా ఉండే దుప్పట్లు, బొంతలు కప్పవద్దనీ, మెత్తగా కుంగే పరుపు మీద పడుకోబెట్టవద్దనీ పిల్లల డాక్టర్లు చెబుతారు. మొహం మీద పడితే పక్కకు నెట్టుకోలేరు కదా. అంటే తొట్టెల నాడు ఆ బొంత కావాల్సింది ఫోటోకు, పెద్దల కళ్లకు. బిడ్డకు అది నిజంగా పనికొచ్చేది మెలకువలో నేల మీద పరిచి బోర్లా వేసినప్పుడు, అంటే ఇంకో రెండు మూడు నెలలు మీ చేతిలోనే ఉన్నాయి. ఇరవై ఒకటో రోజున పదో వరుస దగ్గర ఆగి ఉన్న బొంతను సూదితో సహా అక్కకు చూపించినా బాగుంటుంది. ఆమె కూడా ఒక వరుస వేస్తానంటే కాదనకండి.

సూదుల లెక్క మాత్రం గట్టిగా పెట్టుకోండి. పసిబిడ్డ బొంతలో సూది మిగిలిపోవడం కన్నా ఘోరం లేదు. ఇంట్లో మూడే సూదులు ఉంచండి, ఒక చిన్న అయస్కాంతం స్టీలు మూతకు అంటించి వాటిని దాని మీదే పెట్టండి. అత్తమ్మ ఒప్పుకుంటే పొద్దున పోయేటప్పుడు రెండింటికి దారం ఎక్కించి పెట్టి వెళ్లండి, ఆ వయసులో కుట్టగలరు గానీ దారం ఎక్కించడానికి కళ్లు ఆగవు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పగానే మూత చూడండి. మూడూ కనిపించాకే టీ పెట్టుకోండి.